నడికట్టు రెండో కొస

జూన్ 9, ఆదివారం

ఇవాళ మా ఆయన నడికట్టు కొస వంటింటి తలుపు పిడికి కట్టుకున్నాడు.

పెళ్లైన కొత్త నుంచీ ఆ కొస నాది. మా నడవా అంత పొడుగు నల్ల గుడ్డ. వంటింటి గుమ్మంలో నేను ఒక కొస పట్టుకుని వెనక్కి వాలి నిలబడతాను. వీధి తలుపు దగ్గర రెండో కొస నడుముకి ఆనించుకుని, మా ఆయన బొంగరంలా తిరుగుతూ, గుడ్డ బిగించి చుట్టుకుంటూ నా దాకా వస్తాడు. ఆఖరి చుట్టుకి ఇద్దరి ముక్కులూ తగులుతాయి. ఒక ముద్దు. ఆ తర్వాతే జట్టుతో కలిసి మనుషుల గోపురం కట్టడానికి వెళ్తాడు. ఆ ముద్దు లేకుండా వెళ్లిన ఏడాది లేదు, మా అమ్మ పోయిన ఏడాది కూడా.

చేతులు తుడుచుకుని వచ్చేసరికి ముడి వేసేసి ఉంది. "నీ చేతులు ఉప్పుచేప వాసన" అన్నాడు. పెళ్లికి ముందు నుంచీ ఉప్పుచేపలే అమ్ముతున్నాను. వాసన ఇవాళ తెలిసిందట.

ఆ పిడి అసలే వదులు. ఊడితే తెలిసొస్తుంది.

జూన్ 14, శుక్రవారం

నడికట్టు కుదించుకుపోయిందట. నేను వేడినీళ్లలో ఉతికి పాడుచేశానట. ఇదివరకు వచ్చినన్ని చుట్లు ఇప్పుడు రావట్లేదట.

నడికట్టుని వేడినీళ్లలో పెట్టే ఆడది ఈ ఊళ్లో పుట్టలేదు. ఆ మాటే అన్నాను. కుదించుకుపోయింది గుడ్డ కాదు నాయనా, పెరిగింది పొట్ట అని మాత్రం అనలేదు. మొహం చూసి ఊరుకున్నాను.

సాధన నుంచి వచ్చి కుర్చీలోనే నిద్రపోయాడు. టమాటా రుద్దిన రొట్టె ముట్టుకోలేదు.

జూన్ 18, మంగళవారం

పక్క కొట్టులో ఆలివ్ కాయలమ్మే ఫిలోమెనాతో నోరు జారాను, మా ఆయన ఈమధ్య గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని. దాని నోట్లో నువ్వుగింజ నానదు. తెలిసీ అన్నాను.

"యాభై ఆరేళ్ల మగాడు గోడవైపు తిరిగాడంటే, ఆ గోడకి అవతల ఎవతుందో చూసుకోవాలి రెమేయ్" అంది.

"గోడకి అవతల మా అత్తగారి పాత బీరువా ఉంది" అన్నాను.

నవ్వాను కానీ, ఆ మాట ఒంట్లో ముల్లులా ఉండిపోయింది. మా కిర్జె అలాంటివాడు కాదు. కాదని నాకు తెలుసు. తెలుసు కాబట్టే దాని గురించి ఆలోచించడం లేదు.

జూన్ 24, సోమవారం

సాన్ జోన్ పండగ. మంట చుట్టూ ఊరంతా ఆడింది. మా ఆయన కూర్చున్నాడు. నేను ఫిలోమెనాతో ఆడాను. అది నా కాలు తొక్కింది.

జూన్ 30, ఆదివారం

పొద్దున్నుంచీ ఆయనకి విసుగు. చెంచా కింద పడితే విసుగు, కిటికీ తీస్తే విసుగు, మూస్తే ఉక్క. తెల్లారేసరికి దిండు తడిసిపోతోంది. నాకూ ఉండేది ఇదే బాధ, నాలుగేళ్ల కిందట నెలసరి ఆగిపోయినప్పుడు. ఉప్పుచేపలు తూస్తూ తూస్తూ విసనకర్ర తీసేదాన్ని. మార్కెట్టు మార్కెట్టంతా "రెమేయ్‌కి మళ్లీ మంటలొచ్చాయి" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. సిగ్గేముంది అందులో.

ఆయనది అది కాదు. మగాళ్లకి అలాంటివి ఉండవు కదా. వేసవి, అంతే.

జూలై 5, శుక్రవారం

గోపురం వణికింది.

ముగ్గురేసి మనుషుల ఏడంతస్తుల గోపురం. పైన మా మనవరాలు బ్రూనా. ఈ ఏడే మొదటిసారి దానికి గోపురం కొస దక్కింది, ఆగస్టు పండగకి టౌన్ హాలు ముందు పైకెక్కి, గోపురం పూర్తయిందని చెయ్యెత్తబోయేది అదే. ఐదో అంతస్తు దాటుతుండగా మొత్తం ఊగింది. "దిగు, దిగు" అని అరిచాడు జట్టు పెద్ద సదుర్నీ. పిల్ల కోతిలా జారి దిగిపోయింది. సాధనకి వల ఉంది, నెత్తిన హెల్మెట్ ఉంది. 

"జెనీస్ కాళ్లు కుదురుగా లేవు" అన్నాడు మా ఆయన. జెనీస్ అంటే ఆయన భుజాల మీద నిలబడే కుర్రాడు. పాపం, వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మా ఆయన మాటంటే అంత గౌరవం.

గౌరవం ఉండదూ? ముప్పై ఏళ్లుగా అడుగు మనిషి. మూడు మూలల్లో ఒక మూల ఆయన. పైన ఆరంతస్తుల బరువు, చుట్టూ వందమంది ఒకరి వీపుకి ఒకరు ఆనుకుని దన్ను. లోపల గాలాడదు, ఏమీ కనపడదు, ఎదుటివాడి చొక్కా తప్ప. పిల్ల పైకి చేరిందని సన్నాయి పాట మారితేనే తెలుస్తుంది. తను మోసిన గోపురం కొసని మా కిర్జె ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. తర్వాత ఫొటో చూపిస్తే "ఓహో, ఇలా ఉంటుందా" అంటాడు. ప్రతి ఏడూ అదే మాట. మెచ్చుకోమని ఎవర్నీ అడగని పని అది. ఆ మనిషిని చూసే నేను పెళ్లి చేసుకున్నాను.

జెనీస్ నిజంగానే నిలకడలేని కుర్రాడు. అందరికీ తెలుసు.

జూలై 9, మంగళవారం

బ్రూనా బడి సెలవుల్లో నా కొట్టులోనే ఉంటోంది. చేపముక్కలు నానేసిన తొట్టిలో నీళ్లు మారుస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మమ్మా, ఆ వణుకు జెనీస్ దగ్గర్నుంచి రాలేదు."

"నీకెలా తెలుసే?"

"కాళ్లకి తెలుస్తుంది. ఇంకా కిందనుంచి వచ్చింది. తాత దగ్గర్నుంచి." తొట్టిలోకి చూస్తూ, "తాతకి చెప్పకు. బాధపడతాడు" అంది.

ఏడేళ్ల పిల్ల. దానికేం తెలుసు.

జూలై 11, గురువారం

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా బయటికెళ్లాడు. "ఎక్కడికి?" అంటే "పని" అన్నాడు. కొట్టు తెరిచీ తెరవగానే ఫిలోమెనా వచ్చి చెవిలో ఊదింది, మీ ఆయన ఫలానా వీధిలోకి తిరగడం చూశానని. ఆ వీధిలోనే జుట్టు కత్తిరించే వితంతువు ఉంది.

కొట్టు దానికే అప్పగించి వెళ్లాను. ఉప్పుచేపల ఏప్రన్‌తోనే వెళ్లాను. దారిలో ఏమేం అనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. కొన్ని మంచి మాటలు కూడా తట్టాయి, ఇప్పుడు రాయలేను.

ఆ వీధిలోనే ప్రభుత్వ దవాఖానా కూడా ఉంది. దాని ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు కిర్జె. ఎడమ మోచేతి మడతలో దూది నొక్కుకుని, కుడిచేత్తో సాసేజ్ రొట్టె తింటున్నాడు.

"రక్తం ఇచ్చాను. పరగడుపున రమ్మన్నారు" అన్నాడు.

"దేనికి?"

నోట్లో ముక్క నమిలి మింగాడు. తర్వాత నేలకేసి చూస్తూ చెప్పాడు. మెట్లెక్కితే తొడలు పీకుతున్నాయట. ఏ పని మీదా మనసు లేదట. "నా మీద కూడానా?" అన్నాను. "అదే అన్నిటికన్నా ముందు పోయింది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నా బుర్రలో ఆ వితంతువు ఇంకా కత్తెర పట్టుకునే నిలబడి ఉంది.

"మరి నడికట్టు పిడికి ఎందుకు కట్టావు?"

"నీ దాకా వస్తే నువ్వు ముద్దుపెడతావు. ముద్దు తర్వాత నువ్వేం ఆశిస్తావో, నా వల్ల అవుతుందో లేదో అని భయం. పిడి అయితే ఏమీ ఆశించదు."

ముప్పై ఏళ్ల కాపురం. వీధి బెంచీ మీద, పొద్దున తొమ్మిదింటికి, ఆ మాట అనగలిగాడు. వెర్రి మనిషి. తనంతట తను డాక్టరు దగ్గరికి నడిచొచ్చాడు, ఎవరూ తోలకుండా. ఈ ఊళ్లో మగాళ్లు పన్ను పుచ్చితే దవడ వాచేదాకా దాచుకుంటారు.

పక్కన కూర్చున్నాను. మిగిలిన రొట్టె సగం నాకిచ్చాడు.

జూలై 12, శుక్రవారం

సాధనకి వెళ్లాడు. అడుగున నిలబడ్డాడు. ఈసారి బ్రూనాని ఎక్కించి నాలుగంతస్తులతోనే ఆపారు కాబట్టి సరిపోయింది.

సదుర్నీతో చెప్పాలి. రేపు చెప్తాను.

జూలై 16, మంగళవారం

చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది. ఇంటి విషయం నేను బజార్లో పెడితే ఆయన తల ఎలా ఎత్తుకుంటాడు? పై నుంచి పిల్ల పడితే నేను ఎలా ఎత్తుకుంటాను?

రేపు చెప్తాను.

జూలై 23, మంగళవారం

రెండోసారి తీసిన రక్తంలోనూ మొదటిసారిలాగే మగ హార్మోను తక్కువనే వచ్చింది. ఇవాళ ఇద్దరం వెళ్లాం. డాక్టర్ కుబెల్స్ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. ఆవిడ ముందు మా ఆయన చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

"వయసుతో పాటు మగవాళ్లలో ఈ హార్మోను కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుందండీ. చాలామందికి తెలియను కూడా తెలియదు. మీకు మరీ కిందికి వెళ్లిపోయింది. అలాగని అన్నీ దీని మీదకే నెట్టకండి. పొట్ట పెరిగితే ఇది తగ్గుతుంది, ఇది తగ్గితే పొట్ట పెరుగుతుంది. నిద్ర కూడా అంతే."

భుజాలకి రాసుకునే జెల్ రాసిచ్చింది. ముందు ప్రోస్టేటు గట్రా పరీక్షలు చూసింది, మూడు నెలలకోసారి మళ్లీ రక్తం చూస్తానంది. "రాసుకున్నాక చేతులు కడుక్కోండి, చొక్కా వేసుకోండి. ఆ చోట ఆడవాళ్లకీ పిల్లలకీ తగలకూడదు."

"పండగ నాటికి బలం వస్తుందా?" అని అడిగాడు.

"నెలలు పడుతుంది. వచ్చినా మీకు యాభై ఆరే ఉంటాయి, ఇరవై ఆరు రావు."

బయటికొచ్చాక, "నెలలని అందరికీ చెప్తారు. నాకు తొందరగా పనిచేస్తుంది" అన్నాడు. "ఒక్క పండగ రెమేయ్. పిల్ల మొదటిసారి ఎక్కుతోంది. దాని కింద నేను ఉండాలి. తర్వాత మానేస్తా, ఒట్టు."

మింగలేక కక్కలేక ఇంటికొచ్చాం.

జూలై 26, శుక్రవారం

చెప్పాను. సదుర్నీకి కాదు, ఆయనకే.

సాధనకి బయల్దేరుతూ పిడికి ముడి వేస్తున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, బ్రూనా అన్న మాట అన్నట్టుగా చెప్పేశాను. వణుకు కిందనుంచి వచ్చిందనీ, తాత దగ్గర్నుంచనీ, తాతకి చెప్పొద్దందనీ.

ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి.

"దానికి తెలుసా?"

"దాని కాళ్లకి తెలుసట."

"తెలిసి కూడా మళ్లీ ఎక్కిందా? పన్నెండో తారీఖున, మొన్న మంగళవారం, ఎక్కింది కదా?"

"నువ్వున్నావని ఎక్కింది."

ముడి విప్పి, నడికట్టు మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు. సాధనకి వెళ్లలేదు. ముప్పై ఏళ్లలో జ్వరం లేకుండా మానేసిన రోజు ఇదే. బంగాళదుంపలు చెక్కు తీసి పెట్టాడు, ఒక సైన్యానికి సరిపోయేన్ని.

జూలై 30, మంగళవారం

ఇది పూర్తిగా రాయాలి. మర్చిపోకూడదు.

సాధన షెడ్డులో అందరూ చేరాక, నడికట్లు చుట్టుకునే గోల మధ్య, "సదుర్నీ, ఒక్క మాట" అని ముందుకెళ్లాడు మా ఆయన. చేతిలో మడతపెట్టిన నడికట్టు. నేను వెనక ఆడవాళ్లలో ఉన్నాను.

"ఆ శుక్రవారం వణికింది జెనీస్ కాళ్లు కాదు. నా కాళ్లు. నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఈ కుర్రాడి మీద పెట్టాను." వాడివైపు తిరిగి, "క్షమించు" అన్నాడు.

"పర్లేదు బాబాయ్" అన్నాడు జెనీస్. చెవులు ఎర్రబడిపోయాయి వాడికి.

అక్కడితో ఆపేయొచ్చు. నడుం నొప్పి అనొచ్చు, మోకాలు అనొచ్చు. అడుగు మనుషులందరూ పక్కకి తప్పుకునేది మోకాలు పేరు చెప్పే. నేనూ అదే అంటాడనుకున్నాను.

"మోకాలు కాదు" అన్నాడు. "మగ హార్మోను తగ్గిపోయింది. డాక్టరు రెండుసార్లు రక్తం తీసి చెప్పింది. కండ తగ్గింది, పొట్ట పెరిగింది, నిద్ర లేదు, ఊరికే కోపం. మంచం మీద సంగతి మా ఆవిడకి తెలుసు, మీకు అక్కర్లేదు. భుజాలకి మందు రాసుకుంటున్నాను. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. ఏమైనా ఈ ఏడు అడుగున నిలబడను. నా మనవరాలనే కాదు, ఎవరి పిల్ల పైన ఉన్నా నిలబడను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, యాభై దాటిన మగాళ్లు నలుగురైదుగురు నేల చూపులు చూస్తున్నారు. ఎవడో వెనక నుంచి "ముసలి కోడి ఇక కుయ్యదన్నమాట" అన్నాడు. నవ్వు మొదలవబోయింది.

"కుయ్యదు. కానీ కూసినట్టు నటించి మీ పిల్లల్ని కింద పడెయ్యదు" అన్నాడు మా ఆయన, ఆ గొంతు వైపు చూసి. నవ్వు పుట్టకుండానే చచ్చింది.

సదుర్నీ మాటలు తక్కువ మనిషి. వచ్చి నడికట్టు తీసుకున్నాడు. భుజం తట్టబోయి, "మందు ఇక్కడేనా రాసింది?" అని చెయ్యి వెనక్కి తీసుకుని, వీపు తట్టాడు. అప్పుడు నవ్వారు అందరూ, మా ఆయనతో సహా.

నేను మెచ్చుకున్నది బలాన్నే అనుకున్నాను ఇన్నేళ్లూ. ఆరంతస్తులు మోసిన రోజున కూడా ఈ మనిషి నాకు ఇంత ఎత్తుగా కనపడలేదు. నా మొగుడని గొప్పగా ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా గొప్పగా ఉంది.

ఆగస్టు 5, సోమవారం

పుట్టి బుద్ధెరిగాక చేప కొనని మగాళ్లు ఒక్కొక్కరే మా కొట్టుకి వస్తున్నారు. అటూ ఇటూ చూస్తారు. కిలో ఎంత అంటారు. ఫిలోమెనా లోపలికి వెళ్లేదాకా ఆగుతారు. "ఆ డాక్టరమ్మ పేరేంటన్నావు రెమేయ్? నాక్కాదు, మా బావమరిదికి."

ఇవాళ సదుర్నీ వచ్చాడు. ఆయనకి బావమరిది లేడు. పేరు చెప్పి, మంచి నడుం ముక్క కోసిచ్చాను. నానబెట్టడం ఎలాగో కూడా చెప్పాను, నీళ్లు మారుస్తూ ఓపిగ్గా ఉండాలని. వింటూ బుర్రూపాడు.

ఆగస్టు 16, శుక్రవారం

మందు వల్ల ఇంకా ఏం తేడా లేదు. సాయంత్రాలు ఇద్దరం ద్రాక్షతోటల దాకా నడుస్తున్నాం. కోపం కొంచెం తగ్గింది, అది మందు వల్లో, దాచుకోవడం మానేసినందుకో.

బ్రూనా భుజాలెక్కబోతే ఆపాడు. "ఇక్కడ తాతకి మందు రాశారు, నీకు తగిలితే మీసాలొస్తాయి" అన్నాడు. అది పడి పడి నవ్వింది. తర్వాత అద్దంలో చూసుకోవడం నేను చూశాను.

ఆగస్టు 25, ఆదివారం

పండగ.

సదుర్నీ నిన్న తిరిగిచ్చిన నడికట్టు పట్టుకుని, పొద్దున్నే నడవాలోంచి పిలిచాడు. "రెమేయ్, కొస పట్టుకో."

అడుగున నిలబడడు కదా, నడికట్టు ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. గుమ్మంలో నిలబడి వెనక్కి వాలాను. తిరుగుతూ వచ్చాడు. చుట్లు తక్కువే. ముక్కులు తగిలాయి. నేను కదల్లేదు, ఏమీ ఆశించకుండా నిలబడ్డాను. తనే పెట్టాడు. అంతే. అది చాలు. అది చాలని ఆయనకి ఇన్నాళ్లూ తెలియదు పాపం, నేనూ చెప్పలేదు.

సదుర్నీ ఆయనకో పని పెట్టాడు. దన్ను గుంపు అంచున స్టూలు మీద నిలబడి పైకి చూస్తుండాలి. పిల్ల కొసకెళ్లి చెయ్యెత్తగానే (దాన్నే రెక్క వెయ్యడం అంటాం), ఏమీ కనపడని అడుగు మనుషులకి "రెక్క వేసింది" అని కేక వెయ్యాలి. సన్నాయి ఉండగా కేక ఎందుకని ఎవరూ అడగలేదు.

గోపురం లేచింది. మా ఆయన చోట వేరే అతను, ముప్పై నిండనివాడు, రాయిలా నిలబడ్డాడు. దన్ను గుంపులో నా చేతులు ముందావిడ వీపు మీద ఉన్నాయి. తల వంచుకోవాలి, అది నియమం. నేను వంచలేదు. గోపురం వైపూ చూడలేదు. స్టూలు వైపు చూశాను.

పైకి చూస్తున్నాడు. కళ్లు అంతస్తు అంతస్తుకీ ఎక్కుతున్నాయి. గడ్డం పైకి లేస్తోంది. ఒకచోట కళ్లు ఆగిపోయాయి. నోరు తెరుచుకుంది. కేక రాలేదు. తెరిచిన నోటితో, చెంపల మీంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, అలాగే ఉండిపోయాడు. సన్నాయి పాట మారింది, కూడలంతా చప్పట్లు కొట్టింది, ఆయన అలాగే ఉన్నాడు. బ్రూనా చెయ్యెత్తడం నేను ఆ మొహంలోనే చూశాను.

క్షేమంగా దిగింది పిల్ల. మా ఆయన అందరికంటే ముందు దాన్ని ఎత్తుకోబోయి, భుజాలు గుర్తొచ్చి, చేతులు పట్టుకుని గిరగిరా తిప్పాడు.

"ఒరేయ్ కిర్జె, నోరు పడిపోయిందా? నిన్ను పెట్టింది ఎందుకు?" అని అడుగు మనుషులు చెమటలు కక్కుతూ మీదికొచ్చారు.

"ఫొటోలో ఇలా ఉండదురా" అన్నాడు.

ఆగస్టు 27, మంగళవారం

తలుపు పిడి ఊడి నా చేతికొచ్చింది. స్క్రూడ్రైవర్ వెతుకుతున్నాడు.

తొందరేం లేదన్నాను.